పాత 5.9 లీటర్ 6బీటీ ఇంజిన్: పంపు విప్పే ముందు చూడవలసినవి, డబ్బు పెట్టదగిన మార్పులు

మీరు రాసినది క్లుప్తంగా ఇది. మెకానికల్ పంపు (ఇంజెక్టర్లకు డీజిల్ కొట్టేది) ఉన్న పాత కమ్మిన్స్ 6బీటీ ఇంజిన్ ట్రక్కు కొన్నారు. రాత్రంతా నిలిపితే ఉదయం చాలాసేపు సెల్ఫ్ కొడితే గాని అందుకోవడం లేదు. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు లాగుడు తగ్గి నల్లపొగ వస్తోంది. ముందువైపు క్రాంక్ పుల్లీ దగ్గర ఆయిల్ కారుతోంది. మెకానిక్ పంపు పోయిందన్నారు. ఎలాగూ పంపు విప్పుతున్నాం కాబట్టి పవర్ కూడా పెంచుకోవచ్చా అని అడిగారు.

పంపును ఇప్పుడే ముట్టుకోవద్దు. మీరు చెప్పిన లక్షణాల్లో ఏ ఒక్కటీ పంపు పోయిందని రుజువు చేయదు. నాకు తెలిసినంతలో ఈ ఇంజిన్లలో ముందుగా నింద పడేది పంపు మీదే, నిజంగా పాడయ్యేది మాత్రం చాలా ఆలస్యంగా. పంపుకు డీజిల్ సరిగ్గా అందుతోందా, ఇంజిన్‌కు గాలి సరిగ్గా అందుతోందా అన్న రెండు ప్రశ్నలకు గేజీ పెట్టి జవాబు రాబట్టకుండా పంపు విప్పడం డబ్బు దండగ.

ముందు మీ పంపు ఏదో గుర్తుపట్టండి. ఆరు స్టీలు పైపులు ఒకే వరుసలో పైకి లేస్తే ఇన్‌లైన్ పంపు. పంపు వెనుక నుంచి గుండ్రంగా ఒక గుత్తిలా బయలుదేరితే వీఈ రోటరీ పంపు. డాడ్జ్ పికప్‌లలో 1989 నుంచి 1993 వరకు బాష్ వీఈ, 1994 నుంచి 1998 మొదటి సగం వరకు బాష్ పీ7100 వచ్చాయి. వీఈ పంపు లోపలి భాగాలన్నిటికీ డీజిలే నూనె. పీ7100లో క్యామ్‌షాఫ్ట్ ఇంజిన్ ఆయిల్‌లో తిరుగుతుంది, డీజిల్‌ను నెట్టే ప్లంజర్లకు మాత్రమే డీజిల్ తడి ఆధారం. అందుకే నీరు కలిసిన డీజిల్‌ను వీఈ అసలు తట్టుకోదు, పీ7100 కొంతవరకు తట్టుకుంటుంది. 1998 మధ్యలో వచ్చిన 24 వాల్వుల ఎలక్ట్రానిక్ పంపు ఇంజిన్‌కు ఇక్కడ రాసేవాటిలో చాలా వర్తించవు. అందులోని వీపీ44 పంపుకు ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగి పెద్ద పంపుకు అందించేది) బలహీనపడటమే మృత్యువు.

ఉదయం స్టార్టింగ్ సమస్య దగ్గరికి వద్దాం. ఒకసారి అందుకున్నాక రోజంతా సెల్ఫ్ ముట్టగానే అందుకుంటోందంటే లైనులోకి గాలి చొరబడుతోందని తొంభై పాళ్లు అనుకోవచ్చు. ట్యాంకు పంపు కంటే కిందుంటుంది. దారిలో ఎక్కడో సన్నటి సందు దొరికితే రాత్రికి రాత్రే డీజిల్ వెనక్కి జారిపోతుంది. దీనిలో చిక్కేమిటంటే, ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య ఉన్న లీకు బయటికి చెమర్చదు. అక్కడ పీల్పు ఉంటుంది కాబట్టి గాలిని లోపలికి లాగుతుంది, పైపు పైకి పొడిగానే కనిపిస్తుంది. చాలామంది తడి కోసం వెతికి, తడి లేదు కాబట్టి లీకు లేదని తేల్చేస్తారు.

పరీక్ష సులువు. రేపు ఉదయం సెల్ఫ్ కొట్టకముందే ఫీడ్ పంపు మీద ఉన్న హ్యాండ్ ప్రైమర్‌ను గట్టిబడేదాకా నొక్కండి. ఆ తర్వాత వెంటనే అందుకుంటే రోగం తెలిసినట్టే. చోటు పట్టుకోవడానికి ఫీడ్ పంపుకు ముందు ఒక పారదర్శకమైన డీజిల్ పైపు ముక్క పెట్టి బుడగల కోసం చూడండి. ఇంకా నమ్మకమైన పద్ధతి, ట్యాంకు లైను పూర్తిగా ఊడదీసి శుభ్రమైన డీజిల్ డబ్బాలో పైపు ముంచి ఒక రాత్రి నిలిపి చూడటం. అప్పుడు ఉదయం సులువుగా అందుకుంటే లోపం ట్యాంకుకూ మీరు ఊడదీసిన చోటుకూ మధ్య ఉంది. తేడా లేకపోతే ఇంజిన్ వైపు, రిటర్న్ లైనుతో సహా, వెతకాలి. సాధారణంగా దొరికే చోట్లు: ఇంజిన్ వెనుక, క్యాబిన్ గోడకు ఆనుకుని చెయ్యి పట్టని సందులో ఉండే రబ్బరు పైపు ముక్కలు, ప్రీఫిల్టర్ గిన్నె సీలు, డీజిల్ హీటర్ ఉన్న ఇంజిన్లలో దాని జాయింటు, బాంజో బోల్టుల (లోపలి రంధ్రం గుండా డీజిల్ పోనిచ్చే బోల్టులు) కింద రెండోసారి వాడిన రాగి వాషర్లు. పాత నైట్రైల్ రబ్బరు సీళ్లు తక్కువ గంధకం ఉన్న డీజిల్‌కు మారినప్పుడు కుంచించుకుపోవడం తెలిసిన విషయమే, బయోడీజిల్ పాత రబ్బరును మెత్తబరుస్తుంది కూడా. ఒక పైపు పగిలిందంటే దాని తోటివన్నీ అదే వయసువి. అన్నిటినీ ఒకేసారి మార్చండి, డీజిల్ కోసం తయారైన పైపే వాడండి.

గాలి సంగతి కాకపోతే మూడు చిన్నవి చూడండి. తాళం తిప్పినప్పుడు పంపు పక్కనున్న షట్‌డౌన్ లివర్ పూర్తిగా పైకి లేస్తోందా? సగమే లేస్తే దాన్ని కరెంటుతో లాగే సొలినాయిడ్ గాని దాని లింకు గాని సరిచేయాలి. ఈ ఇంజిన్‌లో గ్లో ప్లగ్గులు ఉండవు. చలికి ఇన్‌టేక్‌లో గ్రిడ్ హీటర్ ఉంటుంది, దాని రిలేలు పోతే చల్లటి ఉదయం తెల్లపొగతో తడబడుతుంది. ఇక సెల్ఫ్ కొడితే టక్కుమని శబ్దం వచ్చి ఇంజిన్ తిరగకపోతే, డెన్సో రకం స్టార్టర్లలో లోపలి రాగి కాంటాక్టులు అరిగి ఉంటాయి. స్టార్టర్ మొత్తం మార్చనవసరం లేదు.

ఇప్పుడు డీజిల్ ప్రెషర్. ఈ ఒక్క కొలత తీసి ఉంటే మీకు పంపు సలహా వచ్చి ఉండేది కాదేమో. పీ7100 పంపుకు డీజిల్ అందించే పిస్టన్ ఫీడ్ పంపును ఇంజిన్ క్యామ్‌షాఫ్ట్ నడుపుతుంది. ఫిల్టరు తర్వాత, పంపులోకి వెళ్లే చోట గేజీ పెట్టండి. ఆరోగ్యంగా ఉంటే ఐడిల్‌లో సుమారు 20 పీఎస్‌ఐ, 2500 ఆర్‌పీఎం దగ్గర 25 నుంచి 30 పీఎస్‌ఐ కనిపించాలి. (వీఈ పంపు ఇంజిన్లలో డయాఫ్రమ్ ఫీడ్ పంపు ఇచ్చేది ఇందులో చిన్న భాగమే, ఆ అంకెలు దీనితో పోల్చకండి.) తక్కువగా ఉంటే ముందు ఫిల్టరు మార్చి మళ్లీ కొలవండి. అప్పటికీ తక్కువే అయితే ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా పంపు నుంచి ట్యాంకుకు వెళ్లే రిటర్న్ రబ్బరు పైపును క్షణకాలం నొక్కి పట్టండి. ప్రెషర్ చటుక్కున పైకి లేచిందంటే ఫీడ్ పంపు బాగుంది, పంపు పక్కనున్న ఓవర్‌ఫ్లో వాల్వు స్ప్రింగు నీరసించింది. లేవకపోతే ఫీడ్ పంపు గాని పాడైనట్టు, దానికి ముందున్న దారి గాని మూసుకుపోయినట్టు. ఓవర్‌ఫ్లో వాల్వు అంటే చూడటానికి ఒక బోల్టు అంత వస్తువు, మార్చడానికి ఒక్క పానా చాలు. అది నీరసిస్తే పంపు లోపలి గ్యాలరీ సరిగ్గా నిండదు, లోడు పడగానే లాగుడు పడిపోతుంది. ఈ చిన్న వాల్వు కోసం మొత్తం పంపు ఓవర్‌హాల్ చేయించుకున్న బండ్లు నేను చాలానే చూశాను.

ప్రెషర్ కొలిచేది నిలిపి ఉన్న బండిలోనే కాదు. పైపు పొడిగించి గేజీని క్యాబిన్ బయట అద్దం దగ్గర కట్టి, లోడుతో ఎత్తు ఎక్కుతూ చూడాలి. డీజిల్ నిండిన పైపును క్యాబిన్‌లోకి మాత్రం తీసుకురావద్దు.

నల్లపొగ వచ్చిందంటే డీజిల్ ఎక్కువైందని కాదు, దానికి సరిపడా గాలి లేదని. ఎయిర్ ఫిల్టరు చూశాక టర్బో నుంచి ఇన్‌టేక్ మానిఫోల్డ్ వరకు ఉన్న దారిని పరీక్షించండి. టర్బో నోటికి ఒక మూత బిగించి, కంప్రెసర్‌తో 15 నుంచి 20 పీఎస్‌ఐ గాలి ఎక్కించి, ప్రతి హోసు మీదా క్లాంపు మీదా సబ్బు నీళ్లు చల్లితే బుడగలు చెబుతాయి. మూత ఊడి ఎగిరితే గాయమవుతుంది, దాని ఎదుట నిలబడకండి. ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లార్చేది) కింది మూలలు, హోసు అడుగుభాగంలో ఆయిల్ పేరుకున్న చోట పగుళ్లు ఎక్కువ. ఎగ్జాస్ట్ వైపు కూడా మరవద్దు. పొడవైన ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఏళ్ల వేడికి కుంచించుకుపోయి, చివరి సిలిండర్ల దగ్గర బోల్టులు విరగడం ఈ ఇంజిన్‌కు మామూలే. అక్కడ మసి గీతలు కనిపిస్తే టర్బోను తిప్పవలసిన పొగ మధ్యలోనే పారిపోతోందని అర్థం.

పాత యజమాని పంపు మీద చెయ్యి చేసుకున్నాడేమో కూడా చూడండి. పంపు పైన ఉండే ఏఎఫ్‌సీ అనే డబ్బా టర్బో గాలి ఒత్తిడిని బట్టి డీజిల్ పెంచుతుంది. దాన్ని ముందుకు జరిపినా, లోపలి ఫ్యూయెల్ ప్లేటు మార్చినా పొగ తప్పదు. దాని సీలు తెగి ఉందంటే అనుమానించవలసిందే. దానికి మానిఫోల్డ్ నుంచి వచ్చే సన్న గొట్టం పగిలితే మాత్రం ఫలితం వేరు: పొగ ఉండదు, లాగుడూ ఉండదు.

ముందు నుంచి కారే ఆయిల్ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ ఇంజిన్‌కు ఉన్న ఒకే ఒక ప్రమాదకరమైన లోపం అక్కడే దాగి ఉంది. టైమింగ్ గేర్ హౌసింగ్‌ను బ్లాకు మీద సరిగ్గా కూర్చోబెట్టడానికి ఒక స్టీలు డోవెల్ పిన్ కొట్టి ఉంటుంది. అది బయటికి రాకుండా ఆపేది ఏదీ లేదు. ఏళ్ల తరబడి వేడికీ అదురుకూ అది కొద్దికొద్దిగా జరుగుతూ వచ్చి ఒకరోజు ఊడిపోతుంది. అదృష్టం ఉంటే నేరుగా ఆయిల్ సంపులో పడుతుంది. లేకపోతే గేర్ల మధ్య ఇరుక్కుని పళ్లు విరగ్గొడుతుంది, హౌసింగ్‌ను చీలుస్తుంది, టైమింగ్ తప్పించి వాల్వులను పిస్టన్లకు తగిలిస్తుంది. దీనికి కిల్లర్ డోవెల్ పిన్ అని పేరు పెట్టింది ఊరికే కాదు. పాత 12 వాల్వుల ఇంజిన్లన్నిటిలోనూ ఇది ఉండేదే, మీ బండిలో ఎవరైనా సరిచేశారో లేదో కవరు తీస్తే గాని తెలియదు.

మందు చాలా చౌక. ఫ్యాను, బెల్టు, క్రాంక్ పుల్లీ తీసి ముందు కవరు విప్పాలి. పిన్ బయటికి వచ్చి ఉంటే మెల్లగా లోపలికి కొట్టి, పక్క బోల్టు కింద ఒక చిన్న ఇనుప పట్టీ పెట్టి, దాని అంచు పిన్ రంధ్రాన్ని కప్పేలా బిగించాలి. అంతే. ఆ బోల్టుకూ హౌసింగ్ బోల్టులన్నిటికీ థ్రెడ్ లాకర్ వేసి పుస్తకంలో చెప్పిన టార్కుకు బిగించండి, అవి వదులై పడిపోవడం కూడా ఉంది. కవరు ఎలాగూ చేతిలో ఉంటుంది కాబట్టి ముందు క్రాంక్ సీలు అప్పుడే మార్చండి. ఇక్కడ పాత అలవాటు దెబ్బ తీస్తుంది: సీలు పెదవికి ఆయిల్ రాసి ఎక్కించడం. ఈ సీలును, క్రాంక్ ముక్కును శుభ్రంగా తుడిచి పొడిగానే ఎక్కించాలి. ఆయిల్ తగిలితే కొత్త సీలే కారుతుంది.

సీలు మార్చినా మళ్లీ కారుతుంటే బ్లో-బై చూడండి. పిస్టన్ రింగులు దాటి కిందికి వచ్చే గ్యాసు బ్రీదర్ గొట్టం నుంచి పోవాలి. ఆ గొట్టం మురికితో మూసుకుపోతే లోపలి ఒత్తిడి సీళ్లను తోసేస్తుంది. గొట్టం బాగుండి పొగ దండిగా కొడుతుంటే రింగుల వంతు. ఆయిల్ మూత తిరగేసి పెట్టి అది ఎగురుతోందా అని చూసే పరీక్ష చాలాచోట్ల చేస్తారు. నాకు దాని మీద నమ్మకం తక్కువ. బాగున్న ఇంజిన్‌లోనూ మూత కదులుతుంది. గేజీతో కంప్రెషన్ చూడటమే న్యాయం. 6బీటీలో విడి లైనర్లు ఉండవు, పిస్టన్లు నేరుగా బ్లాకులోనే తిరుగుతాయి. అరిగితే బ్లాకును బోరు చేయించాలి. ఈ ఒక్క కారణానికే ఎయిర్ ఫిల్టరు విషయంలో లోభం పనికిరాదు. పేపరు ఫిల్టరును పదేపదే గాలి కొట్టి దులపడం, ఎక్కువ గాలి వస్తుందని నూనె పూసిన పలచటి గుడ్డ ఫిల్టరు పెట్టడం రెండూ దుమ్మును లోపలికి ఆహ్వానించడమే. ఆ దుమ్ము సిలిండర్‌ను ఉప్పుకాగితంలా గీకుతుంది.

ఒక సిలిండర్ బలహీనంగా ఉందా అని చూడటానికి ఐడిల్‌లో ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టును కొద్దిగా వదులు చేసి ఇంజిన్ శబ్దం మారుతోందా అని వినే పద్ధతి ఈ మెకానికల్ ఇంజిన్లకు పనికివస్తుంది. శబ్దం మారకపోతే ఆ సిలిండర్ పని చేయడం లేదు. కళ్లద్దాలు పెట్టుకోండి, చిమ్మే డీజిల్ దగ్గర చెయ్యి పెట్టవద్దు, అధిక ఒత్తిడి డీజిల్ చర్మంలోకి దిగితే ఆస్పత్రి పాలే. కామన్ రైల్ ఇంజిన్ మీద ఈ పని ఎప్పుడూ చేయకండి. నాజిళ్లు తీస్తే టెస్టరు మీద స్ప్రే చూపించమనండి, తిరిగి పెట్టేటప్పుడు గుంత అడుగున పాత రాగి వాషరు మిగిలిపోలేదని చూసుకోండి.

టాపెట్ సెట్టింగ్ (వాల్వుల దగ్గర ఉంచే సందు) గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. చల్లటి ఇంజిన్‌లో ఇన్‌టేక్ 0.25 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ 0.51 మిల్లీమీటర్లు. ఫైరింగ్ ఆర్డర్ 1-5-3-6-2-4.

కూలింగ్ వైపు ఒక్క మాట గట్టిగా చెప్పాలి. వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకేసే అలవాటు ఈ ఇంజిన్‌కు హాని. తెరుచుకున్నప్పుడు బైపాస్ దారిని మూసే పని కూడా థర్మోస్టాట్‌దే. అది లేకపోతే కూలెంట్‌లో కొంత రేడియేటర్‌కు వెళ్లకుండా బైపాస్ గుండా పంపుకే తిరిగి వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు అతి చల్లగా, లోడు మీద అతి వేడిగా నడుస్తుంది. థర్మోస్టాట్ మార్చండి, రేడియేటర్ బయటి రెక్కల్లో ఇరుక్కున్న మట్టిని వెనుక నుంచి నీళ్లు కొట్టి కడగండి. ఉత్త నీళ్లు పోస్తే బ్లాకు పక్కనుండే కోర్ ప్లగ్గులు తుప్పు పట్టి కారతాయి.

ఇంతవరకు చెప్పినవి తేలాకే పవర్ గురించి ఆలోచించండి. నిజానికి వీటిలో సగం సరిచేసేసరికి చాలామందికి పవర్ పెంచాలన్న కోరిక తగ్గిపోతుంది, కంపెనీ ఇచ్చిన బలమే వాళ్లు ఇన్నాళ్లూ చూసి ఉండరు. ఇదే 5.9 లీటర్లకు డాడ్జ్‌లో 1989లో 160 హార్స్‌పవర్ ఉండేది. 1996 నుంచి మాన్యువల్ గేరుబాక్సు బండ్లలో 215 ఇచ్చారు. అంటే ఈ ఇంజిన్‌లో కొంత వెసులుబాటు ఉన్న మాట నిజమే.

మొదటి ఖర్చు గేజీల మీద పెట్టాలి: డీజిల్ ప్రెషర్, టర్బో బూస్ట్ (టర్బో నొక్కే గాలి ఒత్తిడి), ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత. మూడోది లేకుండా పంపులో ఒక్క స్క్రూ కూడా తిప్పవద్దు. దాని సెన్సరును టర్బోకు ముందు, మానిఫోల్డ్‌లోనే పెట్టించండి. టర్బో తర్వాత పెడితే లోడు మీద వంద డిగ్రీలకు పైగా తక్కువ చూపించి మిమ్మల్ని మోసం చేస్తుంది. టర్బోకు ముందు 680 డిగ్రీల సెల్సియస్ దాటి ఎక్కువసేపు లాగించకండి, అల్యూమినియం పిస్టన్లు తట్టుకోవు. ఎత్తు ఎక్కి వచ్చాక ఆ గేజీ బాగా కిందికి దిగేదాకా ఐడిల్‌లో ఉంచి ఆపితే టర్బో బేరింగులో ఆయిల్ మాడదు.

రెండోది మంచి నీటి సెపరేటరు ఉన్న అదనపు డీజిల్ ఫిల్టరు. మూడోది, మీ ఇంజిన్‌కు ఇంటర్‌కూలర్ లేకపోతే అది పెట్టించడం. టర్బో నొక్కిన గాలి వేడెక్కి పలచబడుతుంది. దాన్ని చల్లార్చితే అదే డీజిల్‌కు పొగ తగ్గి, ఎగ్జాస్ట్ వేడి దిగి, లాగుడు పెరుగుతుంది. నా లెక్కలో నిజమైన మార్పు ఇదే, తక్కినవన్నీ దీని తర్వాత. పాత హెచ్1సీ టర్బో అరిగి మార్చవలసి వస్తే వేస్ట్‌గేటు (ఒత్తిడి మితిమీరితే పొగను పక్కకు వదిలే తలుపు) ఉన్న హోల్సెట్ హెచ్ఎక్స్35 పెట్టడం అర్థవంతం. బాగున్న టర్బోను తీసేసి పెద్దది పెడితే కింది ఆర్‌పీఎంలో బండి నిద్రపోతుంది.

ఫ్యూయెల్ ప్లేటు, ఏఎఫ్‌సీ సర్దుబాటు అప్పుడు వస్తాయి, అదీ గేజీ చూస్తూ కొద్దికొద్దిగా. లాగుడు పెరిగితే మొదట జారేది క్లచ్ ప్లేటు, దానికీ డబ్బు పక్కన పెట్టుకోండి. బూస్ట్ 35 పీఎస్‌ఐ దాటించాలనుకుంటే హెడ్ గ్యాస్కెట్ గండం మొదలవుతుంది, హెడ్ స్టడ్లు వేయించాలి. లోడు మోసే బండికి అంత అవసరం నాకు ఎప్పుడూ కనిపించలేదు. ఇంజిన్ వేగాన్ని అదుపు చేసే గవర్నర్ స్ప్రింగులు మార్చి 3000 ఆర్‌పీఎం పైకి తిప్పడం కూడా అంతే. ఈ ఇంజిన్ టార్కు 1600 ఆర్‌పీఎం పరిసరాల్లో ఉంటుంది. పైకి తిప్పితే శబ్దం, ఖర్చు, బలమైన వాల్వు స్ప్రింగుల అవసరం వస్తాయి గాని బరువు లాగడానికి ఒరిగేది తక్కువ. టైమింగ్, అంటే డీజిల్ చిమ్మే సమయం, ముందుకు జరిపితే మైలేజీ కాస్త పెరగవచ్చు, దానితో సిలిండర్ ఒత్తిడి పెరుగుతుంది, చల్లటి ఉదయం స్టార్టింగ్ మరింత కష్టమవుతుంది. పొగ, ఉద్గారాల నిబంధనలు మీ దగ్గర ఎలా ఉన్నాయో చూసుకున్నాకే వీటిలో ఏదైనా చేయండి.

ఇవన్నీ చూశాక కూడా ప్రెషర్ సరిగ్గా ఉండి, గాలి సరిగ్గా అందుతూ, కంప్రెషన్ బాగుండి, లాగుడు మాత్రం లేకపోతే అప్పుడు పంపు దించండి. దించేముందు ఒక్క అనుమానం తీర్చుకోండి: పీ7100లో పంపు గేరు నున్నటి కోసు షాఫ్ట్ మీద నట్టు బిగువుతోనే నిలబడుతుంది, తాళంచెవి లాంటి కీ ఏదీ ఉండదు. ఎవరో ఒకసారి జిడ్డు తుడవకుండా బిగించి ఉంటే గేరు జారి టైమింగ్ వెనక్కి పోతుంది, తెల్లపొగ, బలహీనత రెండూ వస్తాయి. టైమింగ్ కొలిస్తే తెలిసిపోతుంది. తిరిగి బిగించేటప్పుడు రెండు ముఖాలనూ క్లీనరుతో పొడిగా తుడవాలి. పంపు పక్క ప్లగ్గులో ఉండే టైమింగ్ పిన్నును తిప్పి పెట్టి పంపును లాక్ చేయవచ్చు, కాని సెల్ఫ్ కొట్టే ముందు దాన్ని మళ్లీ వెనక్కి తిప్పి పెట్టకపోతే విరుగుతుంది. గేర్ హౌసింగ్ వెనకనుండే పిన్ను డెడ్ సెంటర్ (పిస్టన్ పూర్తిగా పైకి చేరిన స్థానం) గుర్తుపట్టడానికే, బోల్టులు బిగించేటప్పుడు ఇంజిన్‌ను ఆపి పట్టడానికి కాదు. పంపు షాపువాళ్లను విప్పకముందే బెంచి మీద పెట్టి ఒక్కో సిలిండర్‌కు ఎంత డీజిల్ ఇస్తోందో కాగితం మీద రాసివ్వమని అడగండి, పని అయ్యాక మళ్లీ అదే కాగితం అడగండి. మొదటి కాగితం ఇవ్వడానికి ఇష్టపడని షాపులో పంపు వదలకండి.